మెట్ల మలుపులో మూడు కళ్ళ నక్క

నాకు దెయ్యాలంటే భయం. ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో మేం అద్దెకున్న ఇంట్లో ధైర్యస్తురాలినని పేరు మోసినదాన్ని మరి.

ఆ ఇంటి రెండో అంతస్తు మెట్ల మలుపు మంచిది కాదని మాకు ముందున్న అమ్మాయిలే చెప్పి వెళ్ళారు. కిటికీ లేదు. పగలు కూడా చీకటే. అక్కడో సింకు, పైన అద్దం, అద్దం పక్కనే — ఆయన.

ఓనరు పద్మనాభం అంకుల్, మిలిటరీలో చేసి రిటైరయ్యారు. దరియాగంజ్ ఆదివారం సంతలో, ఏదో పాత ఇంగ్లీషు పుస్తకంలోంచి చింపిన అచ్చుబొమ్మ కొని ఫ్రేము కట్టించారు. ఈజిప్టు దేవుడు. మనిషి ఒళ్ళు, నక్క తల. తలంతా నల్ల సిరా. పక్కకి తిరిగి ఉంటాడు కనక ఒకటే కన్ను.

"ఈయన అనూబిస్. చచ్చినవాళ్ళ గుండె తక్కెట్లో వేసి తూస్తాడు. ఈకకన్నా బరువుంటే ఇంక అంతే," అని రూమ్మేట్ హరిప్రియకి చెప్పింది నేనే. పాత పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చిన జ్ఞానం... ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

హరిప్రియది విజయనగరం. బ్యాంకు పరీక్షకి చదువుతోంది. ఆ రాత్రి కరెంటు పోయింది. నీళ్ళకని టార్చి పట్టుకుని వెళ్ళింది... చెంబు మెట్లమీద దొర్లిన చప్పుడు. వచ్చి నా దుప్పట్లో దూరింది.

"అక్కా... రెండో కన్ను తెరిచాడు."

"నోర్ముయ్. బొమ్మ అది."

"నావైపు తిరిగాడక్కా... మెరుస్తోంది!"

మర్నాటి రాత్రి మూడో కన్ను.

"అరే, నేను యుద్ధమే చూశాను," అంటూ అంకుల్ మెట్లెక్కారు. ఎక్కినదానికన్నా వేగంగా దిగారు. వాళ్ళావిడ కమలాకుమారి ఆంటీ "ముక్కంటే!" అని కొబ్బరికాయ కొట్టింది. హరిప్రియ మాత్రం పరీక్షా వద్దు, ఢిల్లీ వద్దని రైలెక్కేసింది.

మొన్న సాయంత్రం మళ్ళీ కరెంటు లేదు. మొహం కడుక్కుని, రోజూలాగే బొట్టుబిళ్ళ తీసి అద్దానికి అంటించబోయాను. చెయ్యి కాస్త పక్కకి పోయింది. వేలికి ఏదో గరుగ్గా తగిలింది...

నా బిళ్ళలే. రెండు. నల్లవి, మధ్యలో తళుకు రాయి. పగలు సిరాలో కలిసిపోతాయి, టార్చి వేస్తే మెరుస్తాయి. చీకట్లో చేతికి అద్దమూ గాజే, బొమ్మ ఫ్రేమూ గాజే!

పీకేశాను. "చూశారా, నా కాయకి శాంతించాడు," అని ఆంటీ ఇల్లంతా కొబ్బరిముక్కలు పంచింది. నేనూ నోరు మూసుకుని రెండు తిన్నాను.

ఇది రాస్తుంటే ఆ తక్కెడే కళ్ళముందు ఆడుతోంది. రెండు బొట్టుబిళ్ళలు ఈకకన్నా తేలికే కదా... మరి గుండెమీద ఈ బరువేంటి?

ఇవాళ మంగళవారం. పరీక్ష ఆదివారం. నిన్న పోస్టులో వచ్చిన హరిప్రియ హాల్‌టికెట్ నా దిండుకిందే ఉంది. రేపు బయల్దేరితే అందుకుంటుంది. తిడుతుంది. ఊరంతా చెప్పి నవ్విస్తుంది. నవ్వనీ.

సందు చివర ఎస్టీడీ బూత్ పదకొండు దాకా ఉంటుంది. ఇదిగో, ఇప్పుడే కరెంటు పోయింది. అయినా సరే, వెళ్ళి ఫోన్ చేస్తాను. టార్చి చేతిలోనే ఉంది...

మెట్ల మలుపులో మాత్రం వెయ్యను.