కిందికి దిగే మాటలు

కంచం ముందు కూర్చున్న చిన్మయి ఆ రోజు కూడా "మీట్" అని అడిగింది. సుభద్రమ్మగారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇల్లది!

"అన్నం అడుగుతోంది అత్తయ్యా," అంది వకుళ, కూతురి తల నిమురుతూ. "ఒకప్పుడు ఇంగ్లీషులో తిండి ఏదైనా మీటేనట. పక్కింటి కుక్కపిల్లని డీర్ అనడమూ అందుకే. అప్పట్లో జంతువులన్నిటికీ అదే పేరట."

"అప్పట్లో అంటే ఎప్పుడే? ఈ పిల్ల పుట్టింది మొన్న కదే!"

వకుళకు నవ్వు రాలేదు. పిల్లలందరికీ పెట్టినట్టే, చిన్మయికీ చెవి వెనుక చర్మం కింద మూలశ్రవణిని బడివాళ్లే అమర్చారు. బియ్యపు గింజంత యంత్రం. ఇంగ్లీషు మాట వినబడగానే, వందేళ్ల కిందట దాన్ని ఏ అర్థంతో ఎలా పలికారో ఆనాటి గొంతుతో వినిపిస్తుంది. ఆ అర్థం వంటబట్టాక ఇంకో వందేళ్లు వెనక్కి, ఇంకో మెట్టు కిందికి తీసుకుపోతుంది. మొదట్లో వకుళ తెగ మురిసిపోయింది. చుట్టాలొస్తే పిల్లని పిలిచి మరీ చెప్పించేది. ఇప్పుడు కూతురు చెప్పేది సగం అర్థం కావడం లేదు. ఇంట్లో పిల్లతో మాట్లాడేది ఇంగ్లీషే కాబట్టి దానికి తెలుగు ఎటూ అబ్బలేదు.

ఆ మధ్యాహ్నమే వకుళ బడికి వెళ్లి, టీచర్ పావనిని పట్టుకుంది.

"ఆ గింజ ఆపేయండి మేడమ్. నా కూతురితో నేను మాట్లాడుకోవాలి."

పావని లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "అందరివీ ఎప్పుడో ఆపేశాం వకుళగారూ. మీకు చెప్పడానికి నోరు రాలేదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే దిగిపోతున్నారు. కిందికి దారి నేర్పాం గానీ, పైకి రావడం నేర్పాలని మాకెవరికీ తోచలేదండీ."

ఇంటికొచ్చేసరికి చిన్మయి కిటికీ దగ్గర కూర్చుని, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తల ఊపుతోంది. పిలిస్తే పలకలేదు. ఆ తరవాత రోజురోజుకీ ఆమె నోట మాటలు తగ్గిపోయాయి. మిగిలినవి ముసలివాళ్ల గొంతులా బరువుగా, గరగరమంటూ వచ్చేవి.

ఒక సాయంత్రం చిన్మయి నోరు తెరిచి ఏదో అనబోయింది. మాట రాలేదు. ఏడుపు వచ్చింది. పొత్తిళ్లలో పసిగుడ్డు పాలకోసం ఏడ్చే ఏడుపు.

ఆకలి! వకుళకు వెంటనే తెలిసిపోయింది. ఇన్నాళ్లకు కూతురు చెప్పింది అర్థమైనందుకు క్షణంపాటు సంతోషించింది. వెంటనే ఆ సంతోషానికి తనమీద తనకే అసహ్యం వేసింది. పక్క ఫ్లాటులో అదే ఏడుపు మొదలైంది. ఆపైన పై అంతస్తులో.

వకుళ కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. పాలు పట్టి, మూతి తుడిచి, తన పెదాలు పిల్లకు కనిపించేలా వంగింది.

"అమ్మ," అంది నెమ్మదిగా. "అను తల్లీ. అ... మ్మ."

ఎనిమిదేళ్ల పిల్ల ఏడుపు ఆపి, ఆ పెదాలకేసి వింతగా చూసింది.