ఎనభై ఆరు మార్కులు

ఉదయం 7:52.

కాల్ సెంటర్ మూడో అంతస్తులో లాకర్ల గది తుడవడానికి వెళ్ళిన స్వీపర్ కెవ్వుమంది.

114వ నంబరు లాకర్ ముందు రొడోరా నుఫ్రా పడి ఉంది. వయసు ముప్పై ఒకటి. ఊపిరి లేదు. కుడిచేతి గోళ్ళు రెండు విరిగాయి. లాకర్ రేకు తలుపు నిండా గీతలు. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

8:35కి సార్జెంట్ ఎడ్నా మోంతెక్లారో ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరపు వానలో తడిసి ముద్దయి వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ వాసన గుర్తుపట్టింది. ఏసీ చలి, తడి జాకెట్లు, ప్యాకెట్ కాఫీ. పోలీసుల్లో చేరకముందు నాలుగేళ్ళు ఆమె ఇలాంటి ఫ్లోర్ మీదే హెడ్‌సెట్ పెట్టుకుని తిట్లు తింది. తిట్టినవాళ్ళకు థాంక్స్ కూడా చెప్పింది. మానేసి తొమ్మిదేళ్ళయినా ఫోను మోగితే ఇప్పటికీ నవ్వుముఖం పెడుతుంది. ఆ సంగతి గుర్తొస్తే ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

డాక్టర్ లేచి నిలబడ్డాడు.

"ఉబ్బసం మేడమ్. ఏడూ పావు ప్రాంతంలో పోయింది. ఇన్‌హేలర్ ఒక్కసారి పీల్చి ఉంటే బతికేది. ఎక్కడ పెట్టుకుంది దాన్ని?"

ఎడ్నా లాకర్ వైపు చూపించింది. "ఈ రేకు అవతల."

ఫ్లోర్ మీదికి ఏదీ తీసుకెళ్ళకూడదు. ఫోను, పెన్ను, కాగితం, ఆఖరికి మందు కూడా. కస్టమర్ల కార్డు నంబర్లు ఎవరూ రాసుకోకుండా ఆ రూలు. ఇన్‌హేలర్ మీద కార్డు నంబరు ఎలా రాసుకుంటారో ఆ రూలు పెట్టిన మహానుభావుడే చెప్పాలి.

మరి తాళంచెవి ఏది?

9:10కి అది దొరికింది. మేనేజర్ హుకుం మీద సెక్యూరిటీ వాళ్ళు అందరి సీట్లూ వెతికారు. రొడోరా పక్క సీటు కుర్రాడు ఆర్నెల్ జాకెట్ జేబులోంచి ఊడిపడింది. తలుపు తెరిస్తే ఇన్‌హేలర్ కళ్ళెదురుగానే ఉంది. పక్కనే పొట్లంలో రెండు పాన్‌దెసాల్ రొట్టెలు, ఇంకా మెత్తగానే ఉన్నాయి.

9:25. చిన్న మీటింగ్ రూమ్.

టీమ్ లీడర్ చారిటో లావిలా నిటారుగా కూర్చుంది. అందరూ ఆమెను టీఎల్ అనే పిలుస్తారు. ఏడుస్తోంది గానీ కాటుక చెదరలేదు.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"7:05కి మేడమ్. బ్రేక్ బటన్ నొక్కి లేచి వెళ్ళింది. సిస్టమ్‌లో ఉంది, చూసుకోండి."

"ఒంట్లో బాగాలేదని చెప్పిందా?"

"లేదు మేడమ్. నాకేమీ తెలియదు. స్వీపర్ అరిచాకే తెలిసింది."

"ఆ ముందు ఆమె మాట్లాడుతుంటే విన్నారా?"

"ఎక్కడ మేడమ్! క్యూలో యాభై మంది కస్టమర్లు ఉన్నారు. తల ఎత్తే తీరిక కూడా లేదు."

"స్వీపర్ అరిచినప్పుడు అందరూ పరుగెత్తారట. మీరు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చారట?"

"ఎవరో ఒకరు క్యూ చూడాలి కదా మేడమ్."

తర్వాత గొంతు తగ్గించింది. "ఆర్నెల్ మొన్న ఆమెతో గొడవపడ్డాడు. పదిమంది విన్నారు. నేను చాడీలు చెప్పే మనిషిని కాదు."

చాడీలు చెప్పేవాళ్ళంతా ముందుగా చెప్పే మాట అదేనని ఎడ్నాకు తెలుసు. అయినా రాసుకుంది.

9:50. ఆర్నెల్ ఫెరాసోల్ వచ్చాడు. ఇరవై ఆరేళ్ళు.

"గొడవ దేనికి, తోతో?" ఇంట్లో తమ్ముడిని పిలిచినట్టే పిలిచింది ఎడ్నా.

"ఆదివారం సెలవు కోసం మనాంగ్." అక్కను పిలిచినట్టే అన్నాడతను. " నా కూతురి బాప్తిస్మం. కాల్స్ విని వేసే మార్కుల్లో ఫస్ట్ వచ్చినవాళ్ళకే ఆదివారం ఇస్తారు. ఎప్పుడూ రొడోరా అక్కకే వస్తుంది."

"ఏమన్నావ్?"

అతను తల దించుకున్నాడు. "నీ ఊపిరి ఆగితే గానీ నాకు ఆదివారం రాదే అన్నాను. నవ్వింది మనాంగ్! నవ్వి, ఈసారి నువ్వే తీసుకోరా, పాపకి నేనే గౌను కొంటానంది."

"తాళంచెవి నీ జేబులోకి ఎలా వచ్చింది?"

"నాకు తెలియదు. కేక వినగానే జాకెట్ కుర్చీకే వదిలేసి పరుగెత్తాను. ఆ చెవి పొద్దున అయిదింటికే టీఎల్ తీసేసుకున్నారు. నిన్న అక్క రెండుసార్లు మందు కోసం లేచిందని. ఇక లేవాలంటే నన్నడుగు అన్నారు."

"ఎవరైనా చూశారా?"

"అందరూ చూశారు. ఎవరూ చెప్పరు. రేపు మళ్ళీ ఆవిడ కిందే పనిచేయాలి కదా."

అదే జరిగింది. పదిహేనుమందిని అడిగితే పదిహేనుమందీ కాల్‌లో ఉన్నామన్నారు. గోడ వైపు చూస్తూ చెప్పారు. ఆ ఉదయం టీమ్ చాట్ చెరిపేసి ఉంది. పొరపాటున జరిగిందని మేనేజర్ అన్నాడు. కాల్ రికార్డింగులు కావాలంటే, ఈ కాల్స్ ఎవరివో ఆ ఆస్ట్రేలియా కరెంటు కంపెనీ అనుమతి రావాలట. అయిదు రోజులు పడుతుందట.

11:40. స్టేషన్ నుంచి ఫోను. తాళంచెవి ఎవడి జేబులో దొరికితే వాడిని తీసుకురమ్మన్నారు.

ఆర్నెల్ గోడకు ఆనుకున్నాడు. "ఆదివారం పాప బాప్తిస్మం మనాంగ్," అన్నాడు.

ఎడ్నా ఊరికే ఉండలేక రొడోరా సీటు దగ్గరికి వెళ్ళింది. స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది. బ్రేక్ గడువు 7:20కే దాటింది. ఎర్ర అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. మనిషి పోయినా లాగౌట్ చేయాలని ఎవరికీ తోచలేదు.

సరిగ్గా 12:00.

టింగ్.

రొడోరా స్క్రీన్ మీద ఒక మెయిల్ వచ్చి పడింది. ఇంకో మూడు స్క్రీన్లూ టింగుమన్నాయి. ఎవరూ తల తిప్పలేదు. రోజూ మధ్యాహ్నం మార్కులొచ్చే వేళ అది.

ఎడ్నా మెయిల్ తెరిచింది. చదివింది. మళ్ళీ చదివింది.

"తోతో! రొడోరా ఎప్పుడైనా 'ఫర్ ఎ వైల్' అనేదా?"

"అక్కా? నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. కొత్తవాళ్ళకి ఆ మాట మానిపించేదే అక్క."

ఒక్క నిమిషం ఆగండి అని చెప్పడానికి ఇలోయిలోలో ఎవరైనా 'ఫర్ ఎ వైల్' అనే అంటారు. తెల్లవాళ్ళ చెవికి అది చాలాసేపు అన్నట్టు వినిపిస్తుంది. అందుకని ట్రైనింగులో ఆ మాటను మార్కులు కోసి కోసి చంపుతారు. చచ్చిన మాట రొడోరా నోట మళ్ళీ బతికిందంటే నేర్చుకున్న ఇంగ్లీషు పోయి ఇంటి ఇంగ్లీషు వచ్చిందన్నమాట. ప్రాణం మీదికి వస్తే తప్ప అలా జరగదు.

12:08. ఎడ్నా అందరినీ ఆ సీటు చుట్టూ పిలిచింది. చారిటో చివర్న వచ్చింది.

"టీఎల్ గారూ, రోజుకు ఎన్ని కాల్స్ విని మార్కులు వేయాలి?"

"నాలుగు మేడమ్."

"ఇవాళ వేశారా?"

చారిటో ఏదో అనబోయి స్క్రీన్ వైపు చూసింది. రంగు మారింది.

ఎడ్నా పైకి చదివింది. "రొడోరా నుఫ్రా. 6:57 నుంచి 7:05 వరకు కాల్. లైవ్‌లో విన్నది చారిటో లావిలా. మార్కులు వేసిన సమయం 7:09. 'ఫర్ ఎ వైల్' అంది, అయిదు మార్కులు కోత. మాటల మధ్య నిశ్శబ్దం, నాలుగు. కస్టమర్‌తో సొంత విషయాలు, రెండు."

ఆగింది. తర్వాతి లైను మీద వేలు పెట్టి చదివింది.

"మైకులో ఊపిరి చప్పుడు. మూడు."



"తల ఎత్తలేదన్నారు. ఏమీ వినలేదన్నారు. ఆ మనిషి చివరి ఊపిరిని మీ చెవుల్తో విని దానికి మార్కులు కోశారు. చాట్ చెరిపేశారు గానీ అలవాటు కొద్దీ వేసిన మార్కులు మర్చిపోయారు. చేయి దాని పని అది చేసుకుపోయింది."

మార్కులు ఎందుకు పోయాయో ఏజెంట్ వినడానికి మెయిల్ కిందే కాల్ వినే బటన్ ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎడ్నా నొక్కింది. కస్టమర్‌ను హోల్డ్‌లో పెట్టినా ఏజెంట్ వైపు రికార్డింగ్ ఆగదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది.

పిల్లికూతల మధ్య రొడోరా గొంతు.

"ఫర్ ఎ వైల్, మేడమ్..."

తర్వాత సొంత భాషలో. "టీఎల్... నా తాళంచెవి... దండం పెడతా, ఇవ్వండి..."

దూరం నుంచి చారిటో గొంతు. "ముందు కాల్ ముగించు. యాభై ఒక్కరున్నారు క్యూలో."

మళ్ళీ హోల్డ్ తీసిన చప్పుడు. ఎక్కడో సముద్రం అవతల ఒక ముసలావిడ. "నీకు ఒంట్లో బాగాలేదమ్మాయ్. నా బిల్లు సంగతి తర్వాత చూద్దాం. లేచి డాక్టర్ దగ్గరికి వెళ్ళు."

"థాంక్యూ మేడమ్... నేను... ఇంకేమైనా... సాయం చేయగలనా?"

కాల్ తెగింది.

పదిహేనుమందిలో ఒకమ్మాయి ముందుకొచ్చింది. "చెవి టీఎల్ దగ్గరే ఉంది మేడమ్. నేను చూశాను." వెనకనుంచి ఇంకొకరు, "నేనూ చూశాను." ఇంకొకరు. పొద్దున ఈ నోళ్ళన్నీ ఏమయ్యాయని అడగాలనిపించింది ఎడ్నాకు. అడగలేదు. ఆ కుర్చీలో ఉంటే తనూ గోడ వైపే చూసేది.

"బ్రేక్ గడువు దాటినా వెతకలేదేం?" చారిటోను అడిగింది.

"అలిగి వెళ్ళిందనుకున్నాను. కాసేపు బుద్ధి రానీ అనుకున్నాను."

"చెవి ఆర్నెల్ జేబులో ఎందుకు పెట్టారు?"

"భయమేసింది మేడమ్. నాకూ పైవాళ్ళున్నారు. క్యూ పెరిగితే నన్ను నిలబెట్టి అడుగుతారు." ఈసారి కాటుక చెదిరింది. ఆమె ఎడ్నా చేయి పట్టుకుంది. ఎలాగైనా నమ్మించాలన్నట్టు అంది.

"ఆమెకి నేనెప్పుడూ అన్యాయం చేయలేదు మేడమ్. పాస్ మార్కు ఎనభై అయిదు. ఎనభై ఆరు వేశాను. పాస్ చేశాను."

ఎడ్నా చేయి విడిపించుకుని సంకెళ్ళు తీసింది.

ఆర్నెల్ రొడోరా కుర్చీలో కూర్చోలేదు. నిలబడే వంగి మౌస్ పట్టుకుని ఆమెను లాగౌట్ చేశాడు. 12:21.

వెనక క్యూలో అరవై నలుగురున్నారు. మేనేజర్ చప్పట్లు కొట్టి అందరినీ సీట్లలోకి వెళ్ళమన్నాడు. వెళ్ళారు.