ఫ్లెక్సీలో సన్నటి ముఖం

చేతికి సెలైన్ ఎక్కుతున్నా మధులత నన్ను తిట్టడం ఆపలేదు.

"ముందు పోయి ఆ ఫ్లెక్సీ పీకెయ్ చందర్! దాంట్ల ఉన్నది నేను కాదు!"

"నువ్వు కాకపోతే మీ పక్కింటామెనా?" నాకూ మండింది. "ఎవలనడిగి మాత్రలు ఆపినవ్?"

ఎల్లుండే మా నిశ్చితార్థం. ఖానాపురం హవేలి ఊళ్ళో వాళ్ళింటి ముందు వారం ముందే ఫ్లెక్సీ కట్టించింది నేనే. అందులో మధు ముఖం సన్నగా ఉంటుంది. కిడ్నీ జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాక బుగ్గలు గుండ్రంగా ఉబ్బాయి. వచ్చిన చుట్టాలంతా ఒకసారి ఫ్లెక్సీని, ఒకసారి తనని చూశారట. అంతే, మహాతల్లి చెప్పాపెట్టకుండా మాత్రలు మానేసింది. ఈ పొద్దున వాంతులై, కళ్ళు తిరిగి, గుమ్మంలోనే కూలబడింది.

డాక్టరమ్మ ఇద్దరినీ కలిపి దులిపేసింది. "ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. తగ్గించాల్సింది మేము, అదీ కొద్దికొద్దిగా. తిన్నాకే వేసుకో, ఉప్పు తగ్గించు. డోసు తగ్గేకొద్దీ ముఖం వాపూ తగ్గుతుంది."

"ఈ కోపం గూడ మందు వల్లనేనా మేడం?" అన్నాను.

"కొంత మందు వల్లే."

"మిగిలింది ఈయన వల్ల!" అంది మధు.

డాక్టరమ్మ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పొద్దున గుమ్మంలోంచి తనని ఎత్తి ఆటో ఎక్కించింది నేనే.

"నీకేమన్నా అయితే నేనేం గావాలె? ఆ ఫ్లెక్సీని పెండ్లి చేసుకోవాల్నా?" గట్టిగానే అరిచాను.

మధు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మరి ఆ ఫొటోనే ఎందుకు పెట్టినవ్? ఇప్పటి ముఖం చూపెట్టనీకి సిగ్గయిందా?"

"సిగ్గా? భద్రాచలం బస్సుల కిటికీ సీటు కోసం తిట్టుకొని, తిట్టుకొని, ఆఖరికి దిగిన సెల్ఫీ అది! వాన జల్లు కొడుతున్నా అద్దం మూయనియ్యలే నువ్వు. ఆ రోజే నీ మీద మనసు పడ్డ. సన్నగున్నవా, లావుగున్నవా, ఎవడు చూసిండే?"

మధు ముక్కు చీదింది.

"అయితే ఇప్పుడు తియ్ ఫొటో. గిదే ముఖం, గింత పెద్దగ కట్టు. చూస్త నీ దమ్ము."

తీశాను. ఫోన్లోకి కొరకొరా చూసింది, అచ్చం ఆ బస్సులో చూసినట్టే.

నిశ్చితార్థం మరో వారానికి వాయిదా వేశారు. ఆ రోజు కొత్త ఫ్లెక్సీ కింద కూర్చుని, ఉప్పు తగ్గించిన పప్పన్నం తిని, అందరి ముందే మాత్ర వేసుకుంది మధు. పైనున్న గుండ్రటి ముఖం, కిందున్న గుండ్రటి ముఖం, రెండూ నన్ను మింగేసేలా చూస్తున్నాయి.

"తిన్న. ఏసుకున్న. చూసినవ్ గదా?" అంటూ చెయ్యి చాపింది. "ఇగ జల్దీ ఉంగరం తొడుగు!"