పందొమ్మిది చుక్కల మిక్సీ

జరగండి, జరగండి, వెనకవాళ్ళకు కూడా చోటివ్వండి. ఆ సెల్లు జేబులో పెట్టు నాయనా, నేను చెప్పేది దాంట్లో రాదు. పల్లీలు నమిలేవాళ్ళు చప్పుడు చెయ్యకుండా నమలండి. ఇది సారపాక ముత్యాలు పెళ్ళి కథ. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ రెండేసి ఉన్నాయి.

ఆ ఏడు ఎండలు ఎలా కాశాయంటే, గోదావరే మెట్లెక్కి వచ్చి భద్రాచలంలో నిమ్మకాయ సోడా తాగి దిగిపోయింది. అలాంటి మే నెలలో, కాగితం మిల్లుకొచ్చే వెదురు లారీలు దించే ముత్యాలు తన రేకుల గది మధ్యలో నిలబడి వణుకుతున్నాడు. సాయంత్రం నాగలత వాళ్ళ నాన్న గది చూడ్డానికి వస్తున్నాడు మరి!

నాగలత అంటే బస్టాండు పక్కన మిక్సీలు, కూలర్లు బాగు చేసే పిల్ల. ఆమె ఓరగా చూస్తే కాలిపోయిన మోటారు కూడా తిరిగేది. ముత్యాలు మనిషే కదా, ఎప్పుడో తిరిగిపోయాడు. పక్కింటి జంపక్క చేత సంబంధం అడిగించాడు.

నాగలత నాన్న గోపాలు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పిల్లవాడితో మాట్లాడడు, పిల్లవాడి గదితో మాట్లాడతాడు. "మనిషి దేనికి విలువిస్తడో ఆని గదే చెప్తది" అంటాడు. అలా ఇప్పటికే ముగ్గురిని కాదన్నాడు. ఒకడి గదిలో అద్దాలు ఏడు. ఇంకొకడు దేవుడి పటాల మధ్య తన ఫొటో పెట్టి దానికే దండ వేశాడు. మూడోవాడికి చెప్పులు పదకొండు జతలున్నాయి, చీపురు మాత్రం లేదు.

ముత్యాలు గదిలో ఒక చాప, ఒక బకెట్, ఒక మిక్సీ. అంతే.

"గీ గదిని జూసి పిల్లనెవడిస్తడురా?" అంది జంపక్క. "నా కూలర్ తీస్కపో. కడమ సామాన్లు నేను ఊర్ల అడిగి తెస్త."

గంటలో కూలర్, టీవీ, ఫ్రిజ్‌లతో గది నిండిపోయింది. ఎంతగా అంటే, ముత్యాలుకే నిలబడ్డానికి చోటు లేదు. తన మిక్సీని మాత్రం సిగ్గుపడి గోనెసంచిలో చుట్టి మంచం కిందకి తోశాడు. ఆ మంచం కూడా అడిగి తెచ్చిందే.

గోపాలు కూతురితో కలిసి వచ్చి కూలర్ ముందు కూర్చున్నాడు. మీసాలు గాలికి రెపరెపలాడాయి.

"మంచిగనే సంపాయించినవ్ పిలగా!"

ముత్యాలు సగం అల్లుడైపోయాడు. అప్పుడే నాగలత వంగి కూలర్ వెనక్కి చూసింది.

తను బాగు చేసిన ప్రతి సామాను మీదా ఆమె ఎర్ర గోళ్ళరంగుతో సొంతదారు పేరు రాస్తుంది. రిపేరుకొక చుక్క పెడుతుంది. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆ రోజు ఊరంతా మర్చిపోయింది.

"ముత్యాలూ, ఈ కూలర్ ఎవరిది?"

"నాదే."

"నీ పేరు జంపక్క ఎప్పుడైంది?"

ముత్యాలు ఆ పేరు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె టీవీ వెనక్కి చూసింది.

"టీవీ పేరు టైలర్ భీమ్లా. ఫ్రిజ్ పేరు చికెన్ సెంటర్." నాగలత ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల పన్నెండు కోడికాళ్ళు ముత్యాలును వేలెత్తి చూపిస్తున్నట్టు ఉన్నాయి.

గోపాలు లేచాడు. "పా బిడ్డా. సామాన్లే అబద్ధమైతే మనిషెంత?"

"ఆగు నాయినా." ఆమె ముత్యాలు వైపు తిరిగింది. "గిన్నిట్ల నీ పేరున్నది ఒక్కటన్న ఉన్నదా?"

ముత్యాలు మంచానికి అడ్డం జరిగాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న జంపక్క కడుపులో మాట నిలవదు. "మంచం కింద సంచిల ఉన్నది బిడ్డా!"

గోపాలు సంచి లాగి మిక్సీని తిరగేశాడు. ముత్యాలు పేరు చుట్టూ, ఆటలమ్మ పోసినట్టు, ఎర్ర చుక్కలు.

"పందొమ్మిది! ఏం రుబ్బుతవ్ పిలగా, రాళ్ళా?"

"రాళ్ళు రెండుసార్లే మామా. ఎనిమిదిసార్లు వెదురు ముక్కలేసిన. కడమ తొమ్మిదిసార్లు, రామయ్య దయతోని, దానంతటదే చెడింది."

"దయేందిరా?"

"షాపుకు పోవాల్నంటే ఏదో ఒకటి చెడాలె గద!"

"ఇంకేదన్న చెడగొట్టుకోలేకపోయినవా?"

"నాకున్నది అదొక్కటే మామా."

నాగలత చెవులు గోళ్ళరంగు కంటే ఎర్రబడ్డాయి.

"నాయినా... ఆ తొమ్మిదిసార్లు రామయ్య కాదు. నేనే."

"నువ్వా?"

"బాగు జేసినంక ఒక స్క్రూ వదులుగ ఉంచి పంపిన. మళ్ళ రావాలె గద."

ముత్యాలు ఎగిరి పడ్డాడు. "మరి ముందే జెప్పొద్దా? వెదురు కోసి కోసి నా చేతులు కాయలు గాసినయి!"

"నువ్వు జెప్పినవా?"

"నాకు భయం!"

"నాకు లేదా మరి?"

గోపాలు మీసాల కింద నవ్వు దాచుకోవాలని చూశాడు. కూలర్ గాలికి మీసాలు లేచి నవ్వు బయటపడింది.

"ఎవలయి వాళ్ళకు ఇచ్చిరా పిలగా. గీ మిక్సీ ఒక్కటి ఉంచు. పెళ్ళి పచ్చడి దీంట్లనే రుబ్బాలె. వెదురెయ్యకు!"

నాగలత తన చేతిసంచిలోంచి గోళ్ళరంగు తీసింది. మిక్సీ అడుగున ముత్యాలు పేరు పక్కన తన పేరు రాసి, ఆరడానికి మెల్లగా ఊదింది. ముత్యాలు కూడా వంగి ఊదాడు. ఇద్దరి నుదుళ్ళూ ఠక్కుమని తగిలాయి. ఇద్దరూ లేవలేదు.

గోపాలు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. జంపక్క కూడా కొంగుతో ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుని అంది:

"పెండ్లి ఎప్పుడన్న పెట్టుకోండ్రి. కూలర్ల పోసిన నీళ్ళు మాత్రం నా బిందెలయి. ఒలకబొయ్యకుంట తెచ్చియ్యాలె!"