కింది నుంచి తొమ్మిదో మెట్టు

ఫోన్ చేసిన వాళ్ళెవరో పేరు చెప్పలేదు. "కోర్స్‌హోప్ బురుజులో ఒకడు తొమ్మిదో మెట్టు మీద తట్టుకుని పడ్డాడు" అని మాత్రం చెప్పి పెట్టేశారు. పోలీసులు వెళ్ళేసరికి గిబ్ ప్రింగిల్ మెట్ల కింద మెడ విరిగి పడి ఉన్నాడు.

"ప్రమాదమంటున్నారు," అన్నాడు కర్నల్ డ్రైస్‌డేల్, ఎడిన్‌బరోలోని ఆఫీసులో పైపు దులుపుకుంటూ. "నువ్వేమంటావు వాట్? నీ అన్నేగా."

"హత్య సర్."

"అంత గట్టిగా ఎలా చెప్తావు?"

"ఆ పాడుబడ్డ బురుజు పక్క పాకలోనే పుట్టాం మేమిద్దరం. మెట్లలో ఒకటి మిగతావాటికంటే నాలుగు వేళ్ళు ఎత్తు. దోపిడీకొచ్చి పైకి పరిగెత్తేవాడు బోర్లాపడాలని పాతవాళ్ళు కావాలనే అలా కట్టారు. గిబ్ దాన్ని చంకలో గొర్రెపిల్లతో, కళ్ళు మూసుకుని దాటేవాడు."

గిబ్ పని శత్రువుల రేడియోలు వినడం. పోయిన వారం బురుజు వైపు నుంచి సిగ్నల్ వినిపించి, చూసొస్తానని ఒక్కడే వెళ్ళాడు.

"మన మనుషులు ముగ్గురు తూర్పు దేశంలో ఉన్నారు. వాళ్ళ పేర్లు పరాయి ముఠా చేతిలో పడ్డాయి," అన్నాడు కర్నల్. "గురువారం సాయంత్రం నాలుగింటికి ఆ పేర్లు ఆ బురుజు నుంచే రేడియోలో వెళ్తాయి. సముద్రంలో ఓ పడవ వాటి కోసం కాచుకుని ఉంది. వెళ్ళాయంటే తెల్లారేసరికి ముగ్గురూ ఉండరు. ముఠాలో మన మనిషి ఎల్‌స్పెత్ నీకు సాయం వస్తుంది."

"ఆమె ఆ బురుజు చూసిందా సర్?"

"ఎప్పుడూ లేదంది."

వాట్ ఒక్క మాట మింగేశాడు. ఎత్తు మెట్టు తొమ్మిదోదని, ఫోన్‌లో చెప్పినట్టు, తెలిసినవాళ్ళలో అన్న పోయాడు. మిగిలింది తనూ, నాన్స్ అత్తా, ఇంకొకరు. రెండేళ్ళ కిందట పీబుల్స్ హోటల్లో, ఎల్‌స్పెత్ తన భుజం మీద తల పెట్టుకుని నవ్వుతూ ఉంటే తానే చెప్పాడు. చేసింది ఆమె కాకూడదని రెండు రోజులు కోరుకున్నాడు.

గురువారం వాన. నాన్స్ అత్త తన తమ్ముడి పాత కోటు తీసిచ్చింది.

"జారిపడ్డాడట, వాళ్ళ మొహం!" అంది. "నా చేతుల్లో పెరిగినవాడురా గిబ్. చేసినవాణ్ణి వదిలావంటే ఈ గడప తొక్కకు."

"వదల్నత్తా."

తండ్రి కోటు, గొర్రెల కాపరి వంకీకర్ర, బురద బూట్లు. గూఢచారి శాఖ ఇప్పించిన మారువేషాలన్నిటిలోకీ అతనికి సరిగ్గా అమరింది ఇదొక్కటే.

బురుజు దగ్గర ఎల్‌స్పెత్ రదర్‌ఫర్డ్ బొమ్మలేసే దొరసానిలా నిలబడి ఉంది. ఎర్ర స్కార్ఫు, చేతిలో రంగుల పెట్టె.

"కొండ మీది గొర్రెలు దిగాయా?" అంది. అది కోడ్.

"ఒకటి తక్కువైంది."

కోడ్‌కి జవాబు అదే.

"ఇదేనా నీ బురుజు?" అంది ఎల్‌స్పెత్. "బాగా గొప్పలు చెప్పావులే! ఏముందిక్కడ, కాకులు తప్ప?"

వాట్ టార్చితో ముందు నడిచాడు. ఇరవైమూడు మెట్లు, పట్టపగలైనా చీకటే. పైన సగం కూలిన గదిలోకి చేరేసరికి నాలుగుకి మూడు నిమిషాలు. ఎల్‌స్పెత్ పెట్టె తెరిచింది. రంగుల కింద ట్రాన్స్‌మిటర్. రెండో చేతిలో పిస్తోలు.

"మెట్టు నంబరు పోలీసులకి ఎందుకు చెప్పావు?" అడిగాడు వాట్.

"నిజంలా ఉండాలిగా. నువ్వు చెప్పిందే చెప్పాను."

"గిబ్ నీకేం చేశాడు?"

"తొందరపడి వచ్చాడు. పాపం, నిన్ను చూసినట్టే నవ్వాడు నన్ను చూసి."

ఆ మాటకి వాట్ లోపల ఏదో చల్లారిపోయింది. ఆమె వేలు మీట మీదికి వెళ్ళింది. గడియారంలో నాలుగుకి రెండు సెకన్లు. పారిపోయే గొర్రె కాలికి వేసినట్టే వంకీ వేసి ఆమె మణికట్టు లాగాడు. పిస్తోలు పైకప్పులేని ఆకాశంలోకి పేలింది, టార్చి దొర్లిపోయింది. రెండో దెబ్బకి రంగుల పెట్టె కిటికీలోంచి కింద వాగులో పడింది.

ఎల్‌స్పెత్ మెట్ల వైపు పరిగెత్తింది. ఇదివరకు వచ్చిన ప్రతిసారీ టార్చి ఉంది, తీరిక ఉంది. ఇప్పుడు రెండూ లేవు. చీకట్లో ఆమె లెక్కపెట్టడం వినిపించింది.

"ఆరు, ఏడు, ఎనిమిది..."

తర్వాత ఎగిరి దూకిన చప్పుడు. ఆపైన గబగబా అడుగులు, గండం గడిచిందన్నట్టు.

తొమ్మిది కింది నుంచి. పై నుంచి అయితే పదిహేను. వాట్‌కి తెలుసు. అరవడానికి నోరు తెరిచాడు కూడా. అరవలేదు.

అడుగులు పదిహేను దగ్గర ఆగిపోయాయి. కాకులు లేచాయి.

మర్నాడు కర్నల్ కరచాలనం చేశాడు. "ముగ్గురూ క్షేమం. భేష్! కానీ ఒక సంగతి తేలలేదు. ఆ మెట్టు గుట్టు ఎల్‌స్పెత్‌కి ఎవడో మనవాడే చెప్పి ఉండాలి. వాణ్ణి పట్టుకో."

"పట్టుకున్నాను సర్," అన్నాడు వాట్. "ఎక్కడికీ పారిపోయే రకం కాదు."