మధ్య కాగితం

పెట్టె మీద టేపు చెక్కుచెదరలేదు. లోపలున్న నలభై పుస్తకాల్లో మాత్రం, ఒక్కదాన్నీ వదలకుండా, మధ్య కాగితం మాయమైంది.

ఇన్‌స్పెక్టర్ షాపు ముందు జీపు దిగేసరికి పదకొండు దాటింది. గుమ్మం పక్కన నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలు: ‘ఈ వారం కొత్తగా వచ్చినవి’. కింద నాలుగైదు పేర్లు. అన్నిటికంటే పైన, ‘తాళాల పిల్ల – కొత్త సంచిక’. ఆ ఒక్క పేరు చుట్టూ ఎవరో శ్రద్ధగా గడి గీశారు.

ఆమె తన ఉద్యోగంలో నగలు పోయినవాళ్ళను చూసింది. మనుషులు పోయినవాళ్ళను చూసింది. కాగితం పోయిందని పోలీసులకు ఫోన్ చేసినవాళ్ళను చూడటం ఇదే మొదలు.

“కాగితమే కదా అని తేలిగ్గా తీసిపారేయకండి మేడమ్,” అన్నాడు ఒక బట్టతల మనిషి, ఆమె గడప దాటకముందే. “ఒక కాగితం మడిస్తే నాలుగు పేజీలు.”

“మీరెవరు?”

“నన్నిక్కడ కలెక్టరంటారు.”

వెనకున్న కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టబోయాడు.

“ఆ కలెక్టర్ని కాదులేవయ్యా. పాత కామిక్స్ పోగేస్తుంటాను.”

షాపు సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంది. రెండు గోడలకీ చెక్క అరలు. ప్రతి పుస్తకానికీ ప్లాస్టిక్ కవరు, అది వంగకుండా వీపున ఒక గట్టి అట్ట. కౌంటర్ వెనక, పోలీసులకు ఫోన్ చేసిన షాపు యజమాని. సన్నటి ముసలాయన. మెడలో తాడుకు వేలాడే భూతద్దం. పక్కనే ఆయన చిన్న కూతురు, తలెత్తకుండా పుస్తకాలను కవర్లలో పెడుతోంది.

“పెట్టె ఎప్పుడొచ్చింది?”

“ఏడింటికి. వ్యాన్‌లో. అమ్మాయి తీసుకుంది.”

“విప్పిందెవరు?”

“నేనే. పదింటికి, అందరి ఎదురుగా. ఈ షాపులో కొత్త పెట్టె ఎప్పుడూ కొనేవాళ్ళ ముందే కోస్తాం. అది మా పద్ధతి.”

“పోయిందని ఎవరు కనిపెట్టారు?”

“నేను!” అన్నాడు కలెక్టర్. “అట్ట మీద చూడండి. ‘లోపల ప్రత్యేక అనుబంధం’ అని ఎంత స్పష్టంగా వేశారో. అనుబంధం ఏదీ? నలభైలో ఒక్కదాంట్లోనూ లేదే!”

ఆమె ఒక పుస్తకం తీసుకుంది. అట్ట అడుగున నల్లటి పట్టీ. అందులో తెల్లటి అక్షరాలు. లోపల పేజీలు తిప్పింది. అంకెలు వరసగానే ఉన్నాయి. ఎక్కడా తెగలేదు.

అంటే పోయింది కథలో భాగం కాదు. పుస్తకం అచ్చయ్యాక విడిగా చేర్చింది. అలా చేర్చాలంటే మధ్యలోనే చేర్చాలి.

మధ్య పేజీ దగ్గర రెండు పిన్నులు. వాటి కాళ్ళను విప్పి, మళ్ళీ మూశారు. ఊరికే మూయలేదు. పక్క పుస్తకానికి గీసుకోకుండా అణిచి, చదును చేశారు. ఒకటి కాదు. అన్నీ.

దొంగ పిన్ను విప్పుతాడు. కాగితం లాక్కుపోతాడు. ఇంత ఓపిగ్గా మళ్ళీ ఎందుకు మూస్తాడు?

ఆమె ఖాళీ పెట్టెను తిరగేసింది. అడుగున పాత టేపు మీద కొత్త టేపు తళతళలాడుతోంది. పైన చెక్కుచెదరలేదని అందరూ పైనే చూశారు. పెట్టెను అడుగు నుంచి కోశారు.

కానిస్టేబుల్ వ్యాన్ డ్రైవర్‌కు ఫోన్ కలిపి ఇచ్చాడు.

“నాకెందుకు మేడమ్ బొమ్మల పుస్తకాలు? మా వాడు స్కూలు పుస్తకాలే ముట్టుకోవట్లేదు. నేను దింపేదాకా పెట్టె పెట్టెలానే ఉంది. ఆ అమ్మాయి అటూఇటూ తిప్పి చూసుకునే సంతకం పెట్టింది.”

చిన్న కూతురు కవరు మూస్తున్న చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

“కథంతా ఉందమ్మా,” అన్నాడు ముసలాయన హఠాత్తుగా. “స్టూలు కూడా ఉంది.”

“ఏ స్టూలు?”

ఆయన పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరిచి భూతద్దం పెట్టాడు. రెండు పేజీల నిండా ఒకే బొమ్మ. వానలో తడుస్తున్న జనం, గొడుగులు, తాళంచెవుల గుత్తితో పరిగెత్తే పిల్ల. ఒక మూల, ఎవరూ చూడని చోట, గోరంత స్టూలు. మూడు కాళ్ళు. ఒక కాలికి తీగ చుట్టి ఉంది.

“ప్రతి సంచికలోనూ మధ్య బొమ్మలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. చదివేవాళ్ళకు అదో ఆట. నాకు అలవాటు. పెట్టె కోయగానే ముందు అదే చూస్తాను.”

ఆటలో గెలిచిన మనిషి గొంతు కాదది. ఆమె కౌంటర్ అవతలికి తొంగి చూసింది. కింద, చీకట్లో, మూడు కాళ్ళ స్టూలు. ఒక కాలికి తీగ. దాని మీద దుమ్ము లేదు. అయినా ఎవరూ కూర్చుంటున్నట్టు లేదు.

ఆమె కలెక్టర్ని బయటికి తీసుకెళ్ళింది.

“ఈ షాపులో ఇంతకుముందు ఏమైనా పోయాయా?”

“పోకేం! ఒకసారి ఒకడు సంచి నిండా నింపుకుని చక్కా పోయాడు. పోలీసులకు చెబుదామంటే, ‘చదువుకుంటాళ్ళే’ అన్నాడు పెద్దాయన. అంత అమాయకుడు.”

ఆమె తల ఊపింది. ఆ మాటను విని వదిలేసింది. తర్వాత దాని గురించే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది.

“ఆయనకు ఒకరే కూతురా?”

“పెద్దదుండేది. ఎప్పుడూ కౌంటర్ వెనకాల కూర్చుని బొమ్మలేసుకునేది. మా పెద్దాయన ఏం చేశాడో తెలుసా? ఆ పిల్ల బొమ్మలేసి దాచుకున్న గట్టి అట్టలన్నీ చిత్తువనుకుని, ముక్కలు కోసి, పుస్తకాల వీపులకు పెట్టి అమ్మేశాడు. ఆ పిల్ల అరవలేదట, ఏడవలేదట. ఆ వారమే ఇల్లు వదిలి పోయింది. మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. ఆ అట్టలు నా దగ్గర ఒకటో రెండో ఉన్నాయి కూడాను.”

అతను సంచీలోంచి ఒక పాత పుస్తకం తీశాడు. వీపున ఉన్న అట్టను తిప్పి చూపించాడు. పెన్సిల్ గీతలు. కత్తెరకు పోగా సగమే మిగిలిన బొమ్మ.

“ఏం బొమ్మో ఎవరికి తెలుసు? కాళ్ళు మాత్రం ఉన్నాయి.”

మూడు కాళ్ళు. ఒకదానికి తీగ. ఆమె అట్టను అతనికి తిరిగి ఇచ్చేసింది.

తర్వాత ప్రచురణ సంస్థకు ఫోన్ చేసింది. అవతల ఎవరో స్త్రీ. అనుబంధం అనగానే గొంతు తగ్గింది.

“బొమ్మలేసే ఆవిడ పోయారండీ. జబ్బు. సంచిక అచ్చయ్యాక ఈ కబురు. అందుకే నాలుగు పేజీలు విడిగా వేసి మధ్యలో పెట్టించాం, అట్ట మీద పట్టీ కూడా తర్వాతే వేయించాం. ఆవిడ ఫోటో, మా అందరి మాటలూ.”

“పేరు బయట ఎవరికీ తెలియదా?”

“మారుపేరుతో వేసేవారు. ఇంట్లోవాళ్ళకు తప్ప తెలియదు. చివర్లో చెల్లెలొచ్చింది. అనుబంధం వేస్తున్నామని ఆ అమ్మాయికి చెప్పాం. నాన్నకు తనే చెప్పుకుంటానంది.”

ఇన్‌స్పెక్టర్ కాసేపు వీధిలోనే నిలబడింది. కేసు తేలిపోయింది. తేలిపోయాక ఇంత బరువైన కేసును ఆమె చూడలేదు.

*

షాపు వెనక చిన్న గది. ఖాళీ అట్టపెట్టెలు, ఒక టేబుల్ ఫ్యాన్. చిన్న కూతురు గోడకు ఆనుకుని నిలబడింది.

“బొటనవేలికి ఏమైంది?”

“అట్ట కోసుకుంది.”

“రెండు బొటనవేళ్ళకూనా?”

ఆ పిల్ల ప్లాస్టర్లు అంటించిన చేతులను వెనక్కి దాచుకుంది. దాచుకున్నాక ఇక లాభం లేదని తనకే తెలిసింది.

“చెబుదామనే మేడమ్. రోజూ అన్నం పెట్టేటప్పుడు చెబుదామనుకుంటాను. తిననీలే అనుకుంటాను. తిన్నాక, పడుకోనీలే అనుకుంటాను. పొద్దున్న లేచి ఆయన ఆ బల్ల మీద దాని పుస్తకం పేరు రాసి గడి గీస్తుంటే, ఇంకేం చెప్పను?”

“ఆయనకు తెలుసన్నమాట, బొమ్మలు ఎవరివో.”

“ఆ స్టూలు చూసిన మొదటి రోజే తెలుసు. మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు. స్టూలు కనబడితే ‘ఉంది’ అంటారు. నేను ‘ఊఁ’ అంటాను. అంతే.”

“ఈ పొద్దున?”

“పెట్టె రాగానే ఏం చెయ్యాలో తోచలేదు. అందరి ముందూ నిలబడి, మధ్య పేజీ తెరిచి భూతద్దం పెడతారు. స్టూలు వెతికే చోట అక్క ఫోటో. నల్ల చట్రంలో.” ఆ పిల్ల ఖాళీ పెట్టెల వైపు చూసింది. “ఒక్క రోజు చాలనుకున్నాను. సాయంత్రం ఇంట్లో, నా నోటితో చెప్పాలనుకున్నాను. అట్ట మీద అలా వేశారని చూసుకోనే లేదు.”

“చివర్లో మీరొక్కరే వెళ్ళారా?”

“స్నేహితురాలి పెళ్ళని చెప్పి వెళ్ళాను. నాన్నకు చెప్పొద్దంది అక్క. లేచి తనే వస్తానంది. లేస్తుందనే అనుకున్నాను మేడమ్. తర్వాతైనా ఆయన్ను పిలిపించాల్సింది. పిలిపించలేదు.” ఇంతసేపూ ఆపుకున్నది అప్పుడు తెగింది. “మీరే చెప్పండి మేడమ్. మీకు అలవాటే కదా.”

అలవాటే. కొత్తలో పై అధికారి ఒకాయన నేర్పాడు. ఇలాంటి కబురు నిలబడి ఉన్న మనిషికి చెప్పకు. ముందు కూర్చోబెట్టు. చుట్టూ తిప్పకు. ‘చనిపోయారు’ అనే మాటే వాడు, లేకపోతే మనిషి ఆశను ఎక్కడో దాచుకుంటాడు. అన్నేళ్ళుగా ఆమె అలాగే చేస్తోంది. కాకపోతే ఎవరి ఇంటికి వెళ్ళినా కుర్చీ ఎక్కడుందో ముందు చూసుకోవడం ఒక జబ్బులా మిగిలిపోయింది.

*

ఆమె అందరినీ బయటికి పంపింది. కానిస్టేబుల్ షట్టర్ సగం దించాడు. చిన్న కూతురు వెనక గది గుమ్మంలో ఆగిపోయింది.

“కూర్చోండి పెద్దాయనా.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. వంగి, కౌంటర్ కింది స్టూలును బయటికి లాగాడు. అరచేత్తో ఒకసారి తుడిచాడు. కూర్చున్నాడు. తీగ కిర్రుమంది.

“పెట్టెను అడుగు నుంచి కోశారు,” అని మొదలుపెట్టింది ఆమె. “పిన్నులు మళ్ళీ జాగ్రత్తగా మూశారు. పుస్తకం పాడవకూడదనుకునే చేతులవి. ఆ చేతులు...”

అక్కడ ఆగింది. ఆయన తలెత్తలేదు. ఎవరి చేతులని అడగలేదు. కాగితంలో ఏముందని అడగలేదు.

విని వదిలేసిన మాట అప్పుడు గుర్తొచ్చింది. సంచి నిండా దోచుకుపోతే చదువుకుంటాళ్ళే అన్న మనిషి, ఒక్క కాగితానికి పోలీసులను పిలిచాడు.

పొద్దుటి నుంచి ఆమె పిన్నులు చూసింది, టేపు చూసింది, వేళ్ళు చూసింది. ఫిర్యాదు ఇచ్చిన మనిషిని చూడలేదు.

“మీకు తెలుసు,” అంది మెల్లగా.

ముసలాయన చాలాసేపు భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

“పట్టీ నల్లగా ఉందమ్మా. మామూలు అనుబంధానికి ఎరుపో పసుపో వేస్తారు. నల్లది వేశారంటే మనిషి పోయినట్టే. కానీ ఎవరైనా కావచ్చు కదా? కథ రాసేవాడు కావచ్చు. ఆ పత్రిక పెద్ద కావచ్చు. వాళ్ళలో ఎవరో ఒకరు పోయుండాలని కోరుకున్నాను. వాళ్ళకూ పిల్లలుంటారు. అయినా కోరుకున్నాను.”

“అమ్మాయిని అడగలేదేం?”

“అడిగితే చెప్పేస్తుంది.” ఆయన భూతద్దాన్ని వదిలేశాడు. “మిమ్మల్ని పిలిస్తే వెతుకుతారు. వెతికి, ఇంకేదో జరిగిందని చెబుతారేమోనని.”

ఆమెకు నేర్పిన మాట ఒకటుంది. ఆమె దాన్ని బయటికి తెచ్చింది.

“ఇంకేదీ దొరకలేదండీ. మీ పెద్దమ్మాయి చనిపోయింది.”

ఆయన తల ఊపాడు. ఎవరో వివరంగా దారి చెబితే వింటున్నట్టు, రెండు మూడు సార్లు ఊపాడు.

చిన్న కూతురు వచ్చి ఆయన పక్కన నేల మీద కూలబడింది.

“దాని పక్కన ఎవరున్నారే?” అని అడిగాడు.

“నేనున్నాను నాన్నా.”

“పెళ్ళికని వెళ్ళావు, అప్పుడా?”

“ఊఁ.”

“మొహం పీక్కుపోయి వచ్చావు. భోజనాలు బాలేవేమో అనుకున్నాను.”

ఆ పిల్ల ఆయన మోకాలి మీద తల పెట్టింది. ఇన్‌స్పెక్టర్ అరల వైపు తిరిగి, చదవని పుస్తకాల పేర్లు చదివింది.

కాసేపటికి ఆయనే అన్నాడు. “పారేశావా?”

ఆ పిల్ల లేచి తన భోజనం సంచీ తెచ్చింది. మడత నలగకుండా నలభై కాగితాలు. ఆయన ఒకటి తీసుకుని భూతద్దం పెట్టాడు. ఫోటోను ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, వరసగా, ఏదో వెతుకుతున్నట్టు చూశాడు.

“సన్నబడిపోయింది,” అన్నాడు.

షట్టర్ కింద కలెక్టర్ బూట్లు కనిపిస్తున్నాయి. ఎంత విన్నాడో తెలియదు. వంగి లోపలికి ఒక చేయి చాపాడు. చేతిలో పెన్సిల్ గీతలున్న పాత అట్ట. దాన్ని గచ్చు మీద పెట్టి, చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ షాపులోంచి పట్టుకుపోయినదాన్ని అతను తిరిగివ్వడం ఎవరూ ఎరుగరు.

ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు కాగితం తీసి, ‘పోయినవి దొరికాయి’ అని రాయబోయింది. రాయలేక కలం మూసేసింది.

ముసలాయన పుస్తకాల కట్టను దగ్గరికి లాక్కున్నాడు.

“కొన్నవాళ్ళకు మొత్తం పుస్తకం ఇవ్వాలి కదా,” అన్నాడు.

ఒక పుస్తకాన్ని మధ్యకు తెరిచి, పిన్ను కాళ్ళు నిలబెట్టి, కూతురి బొమ్మ మీద కూతురి ఫోటోను సరిగ్గా అమర్చాడు. చిన్నది ఇంకో పుస్తకం అందుకుంది. సగం దించిన షట్టర్ వెనక, ఆ సన్నటి షాపులో పిన్నుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“గోరుతో తియ్యకే,” అన్నాడు ఆయన, తలెత్తకుండా. “చెంచా తెచ్చుకో. ఇప్పటికే తెగాయి వేళ్ళు.”