మొదటి ఓక్‌బున్

కొరియాలోని దేగూలో ఆ సాయంత్రం ముసురు పట్టి విడవలేదు. వృద్ధుల సంక్షేమ కేంద్రంలో తెల్లవారితే కోడిసూపు పంపకం. జాబితాలో కొన్ని పేర్లు రెండేసిసార్లు పడ్డాయి. అక్కడ కంప్యూటర్ పని చూసే గ్యూతే అన్నీ ఒక అర్రేలో, అంటే వరసల పట్టికలో పోసి, వాటిని ఏరేసే ప్రోగ్రామ్ రాశాడు. పేరు, పుట్టినరోజు, గుర్తింపు నంబరు ఒకటే అయితే మొదటిది ఉంచాలి, తర్వాతది తీసెయ్యాలి. అతనికది మంచినీళ్లు తాగినంత పని.

"మీ అమ్మగారికి రెండు గిన్నెలా, గ్యూతే? ఇంట్లో నీకు పెట్టట్లేదా ఏంటి?" పై అధికారి యూన్ మేడమ్ తెరలోకి తొంగిచూసి నవ్వింది.

అమ్మ పేరు ఓక్‌బున్. నిజానికి అది ఆవిడ అక్క పేరు. ఆ పిల్ల తట్టు సోకి పోతే తాత చావు నమోదు చేయించలేదు. తర్వాత పుట్టిన పాపకే ఆ పేరూ, ఆ పుట్టినరోజూ అంటగట్టాడు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అంతే. ఇదంతా గ్యూతేకి తెలుసు. అయినా మనిషి ఒక్కతేగా అనుకుని మీట నొక్కాడు.

ఒక్క ఓక్‌బునే మిగిలింది. మొదటిది.

ఫోన్ మోగింది.

"చిన్నోడా..." అమ్మ గుసగుసగా అంది. "గుమ్మంలో ఎవరో పిల్ల నిలబడిందిరా. నా పేరు తనదంటోంది..."

"తలుపు తియ్యకమ్మా. వస్తున్నా."

"తీసేశాను... పాపం, తడుస్తోందని."

తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. గ్యూతే తీసేసిన వరసను గబగబా మళ్లీ చేర్చాడు. చూస్తుండగానే మాయమైంది... అతను మీట ముట్టుకోనేలేదు.

ఇంటికి పరిగెత్తాడు. గుమ్మంలో తెల్ల రబ్బరు చెప్పులు. తడిసినవి. అరచేయంతవి. అమ్మ చెప్పులు లేవు.

వంటగదిలోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అదే జుట్టు. అదే నడక. గ్యూతేకి ప్రాణం లేచొచ్చింది. ఫోన్ సంగతి అడిగాడు.

"ఫోనా? నేను చెయ్యలేదే. అన్నం తిన్నావా?" అంది.

తలుపు గడియ వెయ్యడానికి గుమ్మంలోకి దిగుతూ ఆ బుల్లి చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

సరిగ్గా సరిపోయాయి.

"ఎవరొచ్చినా తియ్యకు," అంది గడియ బిగిస్తూ.

బయట ఎవరో మెల్లిగా తట్టారు.

"చిన్నోడా... నేనురా."